సగం అర్థమైన పుస్తకాలు, సగం చెప్పిన కథలు: మియజాకి అనే గేమ్ డైరెక్టర్ గురించి



పోస్ట్ పెద్దదే, ముందే చెప్తున్నా. తీరిక ఉన్నప్పుడు చదవండి. ఇది నోటిఫికేషన్ల గురించి కాదు, స్కాలర్‌షిప్ గురించి కాదు. జపాన్‌లో వీడియో గేములు తయారు చేసే ఒక మనిషి గురించి. పేరు హిదెటాకా మియజాకి. యానిమేషన్ సినిమాలు తీసే హయావో మియజాకి వేరు, ఈయన వేరు.

గేములు ఆడే తమ్ముళ్ళకి ఈయన పేరు తెలియకపోయినా, చేసిన పని తెలిసే ఉంటుంది. డీమన్స్ సోల్స్ (2009), డార్క్ సోల్స్ (2011), బ్లడ్‌బోర్న్ (2015), సెకిరో (2019), ఎల్డెన్ రింగ్ (2022). ఎల్డెన్ రింగ్ అయితే విడుదలైన ఏడాదిలోనే 2 కోట్ల కాపీలు దాటింది. 2022 గేమ్ అవార్డ్స్‌లో ఆ ఏడాది ఉత్తమ గేమ్‌గా ఎంపికైంది కూడా. ఆడని వాళ్ళు కంగారు పడకండి. మా ఇంట్లో కూడా ఎవరూ ఆడరు. గేమ్ తెలియకపోయినా అర్థమయ్యేలాగే రాస్తాను.

ముందు ఒక చిన్న మాట. సినిమాకి డైరెక్టర్, ప్రొడ్యూసర్ ఉన్నట్టే గేముకీ ఉంటారు. గేమ్ ఎలా ఉండాలి, ఆడేవాడికి ఏం అనిపించాలి, ఏ గుమ్మం దగ్గర ఏ శత్రువు నిలబడాలి, ఇవన్నీ తేల్చేది డైరెక్టర్. డబ్బు, గడువు, మనుషులు, ఈ లెక్కలు చూసేది ప్రొడ్యూసర్. మియజాకి డైరెక్టర్‌గా ఎదిగి, ప్రొడ్యూసర్ పనీ చూసి, 2014లో తను పనిచేసే కంపెనీ ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్‌కే ప్రెసిడెంట్ అయ్యాడు. అదే కంపెనీలో 2004లో మామూలు ప్లానర్‌గా చేరిన మనిషి. పదేళ్ళు పట్టింది.

ఇంతవరకూ చెప్తే ఇది కూడా ఇంకో "విజయగాథ" పోస్ట్ అయిపోతుంది. అలాంటివి మన గ్రూపులో చాలానే వస్తాయి. నేను చెప్పాలనుకున్నది ఆయన గెలిచాడని కాదు. చిన్నప్పుడు తనకి లేనిదాన్ని, అర్థం కానిదాన్ని ఆయన ఏం చేసుకున్నాడు అన్నది.

మియజాకి పుట్టింది షిజుఓకాలో. టోక్యోకి నైరుతిగా, సముద్రం పక్కన ఉండే ఊరు. అమ్మానాన్నలు ఇద్దరూ ఆఫీసుల్లో చిన్న ఉద్యోగాలు చేసేవాళ్ళు. ఇంట్లో బాగా ఇబ్బంది ఉండేదని ఆయనే ఇంటర్వ్యూలో చెప్పాడు. పుస్తకాలు, మాంగా కొనే స్తోమత లేదు. మాంగా అంటే జపాన్ బొమ్మల కథలు, అక్కడి పిల్లలందరి చేతుల్లోనూ ఉండేవి. ఇక వీడియో గేములైతే యూనివర్సిటీకి వెళ్ళేవరకూ ఇంట్లో వద్దన్నారు. అంటే రేపు ప్రపంచమంతా ఆడే గేములు చేయబోయే మనిషి బాల్యంలో గేములే లేవు.

ఉన్నది ఒక్కటే, లైబ్రరీ. అక్కడినుంచి పుస్తకాలు తెచ్చుకుని చదివేవాడు. అయితే తన వయసుకి మించిన పుస్తకాలు తెచ్చుకునేవాడు. పేజీ తిప్పితే కొన్ని చోట్ల ఏం రాశారో అర్థమయ్యేది కాదు. అలాంటప్పుడు ఆ పిల్లాడు పుస్తకం మూసేయలేదు. పక్కన ఉన్న బొమ్మ చూసి, ముందు వెనక అర్థమైన ముక్కలు చూసి, మధ్యలో ఏం జరిగి ఉంటుందో తనే ఊహించుకునేవాడు. సగం కథ రాసినాయనది, సగం కథ ఈ పిల్లాడిది.

ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నేను ఫోన్ పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను. ఎందుకో ఈ గ్రూపులో చాలామందికి విడమరిచి చెప్పక్కర్లేదు.

మాది గోదావరి పక్క ఏజెన్సీ. ఇంట్లో కోయ మాట్లాడతాం. మూడో తరగతిలో నన్ను ఆశ్రమ పాఠశాలలో వేశారు. అక్కడ సార్ తెలుగు, పుస్తకం తెలుగు, వార్డెన్ తెలుగు. నాకు తెలిసిన తెలుగు సంతలో వినిపించే తెలుగు. వాచకంలో తెలుగు వేరే. మా కోయలో "ఏరు" అంటే నీళ్ళు. తెలుగులో "ఏరు" అంటే పారే వాగు. పాఠంలో ఎవరో ఏరు దాటి వెళ్ళారు అని ఉంటే, నాకు కళ్ళ ముందు మా ఇంటి బిందెలో నీళ్ళు, మా ఊరి వాగులో నీళ్ళు, అన్నీ కలిసి కనిపించేవి. ఆ మనిషి నీళ్ళన్నీ దాటుకుంటూ వెళ్ళిపోయినట్టు. కథ ఆగలేదు. ఇంకొంచెం పెద్దదయింది, అంతే.

అలా చదివిన వాళ్ళం మనలో ఎంతమందిమి? ఇంట్లో గోండి, కోలామి, కువి, సవర, కోయ, బంజారా. బడిలో తెలుగు. ఇంటర్ అయ్యాక ఒక్కసారిగా ఇంగ్లీషు. ప్రతి మెట్టు దగ్గరా సగం అర్థమయ్యి, సగం మనమే పూరించుకుంటూ వచ్చాం. కానీ దాన్ని మనం ఎప్పుడూ బయటికి చెప్పలేదు. సిగ్గుపడి దాచుకున్నాం. "అర్థమైందా?" అని సార్ అడిగితే క్లాసంతా "అర్థమైంది సార్" అనడమే మనకి వచ్చిన మొదటి తెలుగు వాక్యమేమో అనిపిస్తుంది నాకు.

ఆమధ్య ఇంజనీరింగ్ ఫస్టియర్ చదువుతున్న ఒక తమ్ముడు నాకు విడిగా మెసేజ్ పెట్టాడు. పేరు, కాలేజీ చెప్పను. "అన్నా, క్లాసులో సగమే తెలుస్తోంది. సగం తెలియనప్పుడు కూర్చుని ఏం లాభం, ఇంటికొచ్చేస్తా" అన్నాడు. ఫోన్ చేసి మాట్లాడాను. ఫోన్లో నేను చెప్పింది చాలా తక్కువ. మియజాకి గురించి ఇంత రాయాలని కూర్చోవడానికి కారణం అదే.

సరే, మళ్ళీ ఆయన దగ్గరికి వద్దాం.

మియజాకి టోక్యోలోని కెయో యూనివర్సిటీలో సోషల్ సైన్స్ చదివాడు. పేరున్న యూనివర్సిటీ. చదువు అయ్యాక గేముల్లోకి వెళ్ళాలన్న ఆలోచన ఉంది. కానీ వెళ్ళలేదు. ఒరాకిల్ అనే అమెరికా సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగంలో చేరాడు. కారణం ఏంటంటే, చెల్లెలి కాలేజీ ఫీజు.

ఈ ఒక్క వాక్యం కోసమైనా ఆయన కథ మనవాళ్ళకి చెప్పాలనిపించింది. ఇంట్లో మొదట చదువుకున్నవాడు తనకి ఇష్టమైన దారి పట్టడు. ముందు నెల నెలా డబ్బులొచ్చే దారి పడతాడు. నేను హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో రాత్రి షిఫ్టులో బిల్లుల ఎంట్రీ చేస్తాను. మా చెల్లి నర్సింగ్ చదువుతోంది. జీతం పడ్డ రోజే దాని హాస్టల్ డబ్బులు వెళ్ళిపోతాయి. దీన్ని త్యాగం అని పెద్ద పేరు పెట్టి పిలవక్కర్లేదు. మన ఇళ్ళల్లో ఇది మామూలు లెక్క. కానీ ఆ లెక్కలో పడ్డవాడికి ఒక భయం ఉంటుంది. "ఇక నా బండి ఇటే, ఇంక తిరగదు" అని. మియజాకి కూడా ఆ ఉద్యోగంలో ఏళ్ళ తరబడి ఉన్నాడు.

తర్వాత పాత కాలేజీ స్నేహితుల్ని కలిసినప్పుడు వాళ్ళు కొన్ని గేములు ఆడమని చెప్పారు. అందులో ఒకటి "ఇకో". 2001లో వచ్చింది, ఫుమితో ఉఎదా అనే డైరెక్టర్ చేశాడు. తలమీద కొమ్ములతో పుట్టిన ఒక పిల్లాడిని అశుభమని ఊరివాళ్ళు ఒక పాత కోటలో వదిలేస్తారు. అక్కడ వాడికి ఒక అమ్మాయి కనిపిస్తుంది. ఆ అమ్మాయి మాట్లాడే భాష వాడికి రాదు. ఆడే మనకీ అర్థం కాదు, కింద వచ్చే అక్షరాలు కూడా ఎవరికీ తెలియని గుర్తులే. ఆ పిల్లాడు ఆమె చెయ్యి పట్టుకుని కోటలోంచి బయటికి దారి వెతుకుతాడు. గేమంతా ఆ చెయ్యి పట్టుకోవడమే.

గేముతో ఇలాంటిది కూడా చెయ్యొచ్చా అని మియజాకికి అనిపించింది ఆ గేమ్ వల్లే. భాష తెలియని ఇద్దరి కథ, మాటల్లేకుండా అర్థమయ్యే కథ, అర్థం కాని పేజీలు చదువుతూ పెరిగిన మనిషిని కదిలించడంలో నాకైతే ఆశ్చర్యం లేదు. ఇది నా ఊహ, ఆయన చెప్పిన మాట కాదు.

ఉద్యోగం మారాలనుకునేసరికి ఆయన వయసు 29. జపాన్‌లో పెద్ద కంపెనీలు కాలేజీ నుంచి అప్పుడే బయటికొచ్చిన వాళ్ళని ఒకేసారి తీసుకోవడం అలవాటు. 29 ఏళ్ళ వయసులో, గేముల్లో అనుభవం లేకుండా వెళ్తే తీసుకునేవాళ్ళు చాలా తక్కువ. ఆయన్ని తీసుకున్న కొద్ది కంపెనీల్లో ఒకటి ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్. 1986లో ఆఫీసులకి వాడే సాఫ్ట్‌వేర్ చేస్తూ మొదలైన టోక్యో కంపెనీ అది. 1994లో "కింగ్స్ ఫీల్డ్" అనే గేముతో ఆటల్లోకి వచ్చింది. మియజాకికి అక్కడ జీతం బాగా తగ్గింది. అయినా 2004లో చేరాడు.

ఇక్కడ ఒక్క నిమిషం. దీన్ని చదివి రేపు పొద్దున్నే ఎవరూ ఉద్యోగం మానేయొద్దు. ఆయన చేతిలో మంచి డిగ్రీ ఉంది, కొన్నేళ్ళ ఉద్యోగం ఉంది. మన ఇళ్ళల్లో వెనక్కి తిరిగి చూస్తే ఆదుకోడానికి పొలం గట్టు తప్ప ఏమీ ఉండదు. నేను తీసుకున్నది ఇంతవరకే: ఇంటికోసం వేరే పని చేసిన ఏళ్ళు పాడైపోయిన ఏళ్ళు కావు. వయసు దాటిపోయిందని లోకం గీసిన గీత దగ్గర, ఒక తలుపైనా తీసి ఉండొచ్చు. తట్టాలంటే ముందు ఆ గీత దగ్గరిదాకా నడవాలి.

ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్‌లో మొదట "ఆర్మర్డ్ కోర్" అనే పెద్ద రోబోల యుద్ధం గేముల మీద పెట్టారు. ప్లానర్‌గా ఒకటి చేశాడు. తర్వాత 2006లో వచ్చిన ఆర్మర్డ్ కోర్ 4కి డైరెక్టర్ అయ్యాడు. ఆ సమయంలోనే కంపెనీలో ఇంకో ప్రాజెక్టు నడుస్తోంది. సోనీ కోసం చేస్తున్న ఒక ఫాంటసీ గేమ్, అదే డీమన్స్ సోల్స్. అది సరిగ్గా సాగడం లేదు. లోపల అందరూ ఇది పోయిన కేసే అనుకుంటున్నారు.

మియజాకి ఆ గేమే కావాలనుకున్నాడు. ఎందుకు? ఆయన లెక్క చాలా సూటిగా ఉంది. ఇప్పటికే పోయింది అని అందరూ అనుకుంటున్న పని అది. అది నా చేతికొస్తే నాకు నచ్చినట్టు మార్చుకోవచ్చు. నా ఆలోచనలు ఫలించకపోయినా కొత్తగా పోయేది ఏమీ లేదు, అడిగేవాడూ లేడు.

మన పెద్దవాళ్ళకి ఈ లెక్క కొత్త కాదు. ఎవరికీ అక్కర్లేని కొండ వాలు, రాళ్ళ నేల, అదే కొట్టుకుని, అదే పండించుకుని బతికారు. మంచి నేల మనదాకా ఎప్పుడొచ్చింది కనక. చదువుల్లో కూడా చూడండి. ఎవరూ పట్టించుకోని సబ్జెక్టు, ఎవరూ వెళ్ళని పోస్టింగు, ఎవరూ రాసిపెట్టని మన సొంత భాష. పైనుంచి చూసేవాడికి అవి పోయిన కేసులు. చూసేవాడు లేని చోట మనం చేసుకునే పనికి జాగా ఎక్కువ ఉంటుంది.

డీమన్స్ సోల్స్ 2009 ఫిబ్రవరిలో జపాన్‌లో విడుదలైంది. అంతకుముందు 2008 టోక్యో గేమ్ షోలో ఆడి చూసినవాళ్ళకి పెద్దగా నచ్చలేదు. సోనీలో పెద్ద హోదాలో ఉన్న షుహే యోషిదా దాదాపు పూర్తయిన గేమును రెండు గంటలు ఆడి, మొదలు కూడా దాటలేక, ఇది బాగోలేదని తేల్చేశాడు. అమెరికాలో ఆ గేమును సోనీ అమ్మలేదు. అమెరికాలో అట్లస్ అనే వేరే కంపెనీ విడుదల చేసింది. ఆడినవాళ్ళు ఒకరికొకరు చెప్పుకుని చెప్పుకుని అది నిలబడింది. తర్వాత యోషిదాయే అప్పుడు తమ లెక్క తప్పిందని బహిరంగంగా ఒప్పుకున్నాడు.

మరి అందులో ఏముంది అంత? ఆడని వాళ్ళ కోసం చెప్తాను.

ఈ గేముల్లో మీరు చాలా తేలిగ్గా చచ్చిపోతారు. మామూలు సైనికుడు కూడా రెండు దెబ్బల్లో పడేస్తాడు. శత్రువుల్ని కొడితే "సోల్స్" వస్తాయి. అవే మీ డబ్బు, అవే మీ బలం పెంచుకునే దారి. చచ్చిపోతే అవన్నీ పడిపోయిన చోటే ఉండిపోతాయి. మళ్ళీ మొదటినుంచి అదే దారిలో నడిచి, అదే చోటికి చేరితే తిరిగి తీసుకోవచ్చు. దారిలో ఇంకోసారి చస్తే పోయినట్టే, ఇక రావు.

డార్క్ సోల్స్ నేను ఆడింది మా రూమ్మేట్ పాత లాప్‌టాప్ మీద. అందులో మొట్టమొదట ఒక పాడుబడ్డ జైలు గది. చేతిలో విరిగిపోయిన కత్తి పిడి తప్ప ఏమీ ఉండదు. ఒక పెద్ద తలుపు తోసుకుని హాల్లోకి వెళ్తే పైనుంచి ఏనుగంత రాక్షసుడు దూకుతాడు. ఆ పిడితో వాడిని ఎంత గీకినా లాభం లేదు. అసలు కిటుకు ఏంటంటే, పక్కనే చిన్న గుమ్మం తెరిచి ఉంటుంది. అందులోంచి పారిపోవాలి. పారిపోతే లోపల చలిమంట దొరుకుతుంది, కూర్చుని ఊపిరి తీసుకోవచ్చు. కత్తి దొరుకుతుంది, డాలు దొరుకుతుంది. మెట్లెక్కి తిరిగి వచ్చేసరికి అదే రాక్షసుడు కింద, మనం వాడి నెత్తిన.

ఇది నాకు బాగా నచ్చింది. మనకి ఎప్పుడూ చెప్పేది ఏంటి? పోరాడు, వెనక్కి తగ్గకు. విరిగిన పిడితో పోరాడమనడం ధైర్యం నేర్పడం కాదు. పక్క గుమ్మం ఎక్కడుందో చూపించి, కత్తి చేతికొచ్చాక మళ్ళీ రమ్మనడం నేర్పడం. సబ్జెక్టు పోతే సప్లిమెంటరీ రాయడం, ఏడాది ఆగి మళ్ళీ చేరడం, ఇవన్నీ ఆ పక్క గుమ్మాలే. ఆగినవాడు ఓడిపోయినవాడు కాదు. కాకపోతే ఒకటి, మళ్ళీ ఆ హాల్లోకి తిరిగి రావాలి.

ఇంకో సంగతి. ఇంత కష్టమైన గేములు చేసే మియజాకి తను అంత బాగా ఆడేవాడిని కాదనీ, తనూ తెగ చస్తూ ఉంటాననీ చెప్పాడు. ఆడేవాళ్ళని ఏడిపించడం ఆయన ఉద్దేశం కాదు. చావుని శిక్షలా కాకుండా, "ఓహో, ఇది ఇలాగా" అని నేర్చుకునే మెట్టులా మార్చాలని ఆయన ప్రయత్నం.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన ముక్క చెప్తాను. ఒకసారి మంచు బాగా కురిసినప్పుడు మియజాకి కారులో వెళ్తున్నాడు. కొండ వాలు మీద ముందు కారు ఆగిపోయి వెనక్కి జారడం మొదలెట్టింది. వెనక కార్లు కూడా ఇరుక్కుపోయాయి. అప్పుడు వెనకున్న కారు ముందు కారుని మెల్లగా ఆనించి పైకి తోసింది. అందరికీ అర్థమైపోయింది, ఇలాగైతేనే అందరం ఇల్లు చేరతాం అని. మియజాకి వంతు వచ్చింది. ఆయన కారుని కూడా తోశారు, కొండ ఎక్కేశాడు. కానీ ఆగి వాళ్ళకి థాంక్స్ చెప్పే వీలు లేదు. ఆగితే మళ్ళీ ఇరుక్కుపోతాడు. ఇంటికెళ్తూ ఆలోచించాడట: ఆ వరసలో చివర ఉన్నాయన చేరాడో లేదో, నాకు సాయం చేసినవాళ్ళని బహుశా నేను ఇంకెప్పుడూ కలవను కదా అని.

ఈ అనుభవం డీమన్స్ సోల్స్‌లోకి వచ్చేసింది. ఆ గేమ్‌లో మీరు ఒంటరిగానే నడుస్తుంటారు. కానీ నేలమీద అక్కడక్కడ వెలుగుతూ రాతలు కనిపిస్తాయి. మీకంటే ముందు అదే దారిలో వెళ్ళిన ఎవరో, ఏ దేశంలోనో కూర్చుని ఆడుతున్నవాళ్ళు, రాసిపెట్టిన మాటలు. ముందు గొయ్యి ఉంది. ఇక్కడ మాటువేసి ఉన్నారు. ఎడమ పక్క చూడు. ఎవరు రాశారో మీకు తెలియదు, కలవరు, మాట్లాడరు. రక్తపు మరక కనిపిస్తుంది, ముట్టుకుంటే ఇంతకుముందు ఇక్కడ ఎవరో ఎలా పడిపోయారో నీడలా కనిపిస్తుంది. వాడి చావు మీకు పాఠం. ఇంకో ముచ్చట, మీరు ఒక రాత బాగుందని గుర్తు పెడితే, రాసినవాడు ఆ క్షణంలో ఎక్కడ ఆడుతున్నా వాడికి ప్రాణం కొంచెం పెరుగుతుంది. చెప్పలేకపోయిన ఆ థాంక్స్‌ని ఆయన అలా చెప్పించాడనిపిస్తుంది నాకు. అందులో అబద్ధాలు రాసేవాళ్ళు కూడా ఉంటారు, గోతిలోకి దూకమనేవాళ్ళు. మనుషులున్న చోట అదీ ఉంటుంది.

చివరిగా కథలు చెప్పే పద్ధతి. చిన్నప్పటి లైబ్రరీ ఇక్కడ నేరుగా పనిలోకి వచ్చింది. డార్క్ సోల్స్‌లో ఎవరూ మిమ్మల్ని కూర్చోబెట్టి కథంతా చెప్పరు. దొరికిన ఉంగరం కింద రెండు వాక్యాలు. ఒక కత్తి కింద దాని పాత యజమాని పేరు. గోడమీద తల లేని విగ్రహం. దారిలో కలిసిన ముసలాయన చెప్పే సగం మాట. వీటిని ఏరుకుని, కలుపుకుని, మధ్యలో ఖాళీలు మీరే పూరించుకోవాలి. 2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్ చేసినప్పుడు అమెరికా రచయిత జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్‌తో ఆ లోకం పాత చరిత్ర అంతా రాయించుకున్నాడు. ఆట మాత్రం ఆ చరిత్ర ముక్కలై పడిపోయాక ఎన్నో ఏళ్ళకి మొదలవుతుంది. అంత పేరున్న రచయిత రాసింది కూడా మనకి ముక్కలుగానే దొరుకుతుంది.

మామూలు మనిషైతే ఏం చేస్తాడు? చిన్నప్పుడు అర్థం కాని పుస్తకాలు చదివిన బాధ గుర్తుంటే, పెద్దయ్యాక అన్నీ విడమరిచి చెప్పే గేములు చేస్తాడు. లేదా ఆ రోజుల సంగతే ఎత్తడు. మియజాకి ఆ ఖాళీని దాచలేదు, పూడ్చేయలేదు. దానికి ఒక పనితనం ఉందని కనిపెట్టాడు. ఖాళీ ఉన్న చోట చదివేవాడు ఊరికే ఉండడు, వాడి బుర్ర పని మొదలెడుతుంది అని. ఆయన గేముల గురించి ప్రపంచంలో లక్షలమంది కూర్చుని అర్థాలు వెతుకుతూ వాదించుకుంటున్నారంటే, ఒకప్పుడు షిజుఓకాలో ఆ పిల్లాడు ఒక్కడే చేసిన పనిని ఇప్పుడు వాళ్ళందరూ చేస్తున్నారన్నమాట.

అందుకే నా మాట ఇది. మన చదువులో సగం అర్థం కాకపోవడం మన తెలివి తక్కువతనం కాదు. రెండు మూడు భాషల మధ్య నడిచేవాడికి దారిలో ఖాళీలు వస్తాయి. వాటిని పూరించుకోవడం మనం చిన్నప్పటినుంచి చేస్తున్నాం. తెలుగు బడిలో తెలుగు నేర్పకముందే తెలుగు పాఠం దాటాం. అది ఒక నేర్పు. ఇంగ్లీషు మీడియంలో చిన్నప్పటినుంచి చదివినవాడికి అది ఉండాల్సిన అవసరం రాలేదు.

కానీ పేదరికాన్ని పొగడడానికి కూడా నేను సిద్ధంగా లేను. కష్టాలుంటేనే గొప్పవాళ్ళవుతారని ఎవరైనా చెప్తే నమ్మకండి. మియజాకి ఇంట్లో పుస్తకాలు కొనలేకపోయారు, నిజమే. కానీ ఊళ్ళో లైబ్రరీ ఉంది, దాని తలుపు తెరిచి ఉంది, పిల్లాడికి పుస్తకం ఇంటికి ఇచ్చారు. అది లేకపోతే ఈ పోస్టే లేదు. నేను చదివిన బడిలోనూ పుస్తకాలుండేవి. తాళం వేసిన బీరువాలో, అద్దం వెనక. పిల్లలు చింపేస్తారని. ఇన్‌స్పెక్షన్ వచ్చినరోజు తీసి వరుసగా పేర్చేవాళ్ళు. సగం అర్థం చేసుకోడానికైనా ముందు పుస్తకం చేతిలో ఉండాలి కదా. కాబట్టి మీ హాస్టల్లో లైబ్రరీ ఉంటే అది తెరిచి ఉందా లేదా చూడండి. తెరిచి లేకపోతే తెరవమని అడగండి, నలుగురు కలిసి అడగండి. ఇదేం పెద్ద ఉద్యమం కాదు. కానీ ఆ బీరువా ముందు నిలబడ్డ మూడో తరగతి పిల్లకి చాలా పెద్దది.

అలాగే అర్థం కానిది ఎప్పటికీ ఊహతోనే నెట్టుకురమ్మని కూడా నేను అనడం లేదు. కథ అయితే ఊహ చాలు. సర్క్యూట్ బొమ్మ, మందు మోతాదు, బ్యాంకు కాగితం, వీటికి ఊహ చాలదు, అడగాలి. అర్థం కాలేదని చేయెత్తడం, సీనియర్‌ని పట్టుకోవడం, ఇవి ఆ రాక్షసుడి హాల్లో పక్క గుమ్మం లాంటివి. తెలిసిన సగం చేతిలో పట్టుకుని, తెలియని సగం కోసం అడగడం వేరు. సగం తెలియదు కాబట్టి మొత్తం వదిలేయడం వేరు. నేను వద్దంటున్నది రెండోదాన్ని.

ఒక చిన్న పని అడిగి ముగిస్తాను. మనం ఈ గ్రూపులో ఎక్కువగా ఏం పెడతాం? ఉద్యోగం వచ్చినప్పుడు ఫొటో, సన్మానం ఫొటో. మంచిదే, పెట్టండి, చూసి సంతోషిస్తాం. వాటితోపాటు మీరు దాటొచ్చిన దారిలో నేలమీద ఒక్క రాత కూడా రాసిపెట్టండి. రెండు లైన్లు చాలు. కుల ధ్రువపత్రం కోసం వెళ్తే ఏ కాగితాలు ముందే పట్టుకెళ్ళాలి. కౌన్సెలింగ్ రోజు రాత్రి ఎక్కడ పడుకోవచ్చు. ఏ సబ్జెక్టులో అందరూ పడతారు, మీరు ఎలా లేచారు. మీరు పడిపోయిన చోటు గురించి కూడా రాయండి, అది ఇంకా ఎక్కువ పనికొస్తుంది. అబద్ధం మాత్రం రాయకండి, వెనక వచ్చేవాడు గోతిలో దూకుతాడు.

మీ రాత ఎవరికి పనికొచ్చిందో మీకు తెలియకపోవచ్చు. వాళ్ళకి ఆగి థాంక్స్ చెప్పే తీరిక ఉండకపోవచ్చు, వాళ్ళ బండి కొండ మీద ఉంటుంది మరి. తోసేయండి, చాలు.

జోహార్.